ఎడ్మంటన్‌లో పాతిక డాలర్ల కమ్యూనిటీ లీగ్ మెంబర్‌షిప్: రెండు చలికాలాలు వాడి చూశాక

అంటారియో నుంచి ఆల్బర్టాకి మారదామనుకునే మనవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. అద్దెలెంత, చలికి తట్టుకోగలమా, మన సరుకులు దొరుకుతాయా, స్కూళ్లు ఎలా ఉంటాయి. కమ్యూనిటీ లీగ్, అంటే పేటవాళ్లే కలిసి నడుపుకునే సంఘం, గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అలాంటిది ఒకటుందని తెలిస్తే కదా అడగడానికి! అంటారియోలోని బ్రాంప్టన్‌లో ఐదేళ్లున్నా నేనూ ఆ మాట వినలేదు. ఎడ్మంటన్ వచ్చాక మా కుటుంబానికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఏదంటే, ఏడాదికి పాతిక డాలర్లు కట్టి తీసుకున్న ఈ మెంబర్‌షిప్ అనే చెబుతాను. ఐదు స్టార్లకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

ముందు మేం ఎలా వచ్చామో చెప్పాలి. 2023 ఆగస్టులో మా ఆయనకి నిస్కులో ఉద్యోగం వచ్చింది. ఎడ్మంటన్‌కి దక్షిణాన, ఎయిర్‌పోర్టు దగ్గర ఉండే పారిశ్రామిక వాడ అది. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్‌కి కట్టే అద్దెకి ఇంకొంచెం కలిపితే ఇక్కడ మిల్‌వుడ్స్ అనే ప్రాంతంలో పెరడున్న పాత డ్యూప్లెక్స్ దొరికింది. మేమిద్దరం, పదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల పిల్లాడు కారులో బయల్దేరాం. దాదాపు 3,400 కిలోమీటర్లు. అంటారియో దాటడానికే రెండు రోజులు పట్టింది. విన్నిపెగ్ దాటి ఎల్లోహెడ్ హైవే ఎక్కాక ఇక అంతా చేలే, కొండ అన్నది కనిపించలేదు. మా పిల్లాడు ఆ దారంతా "ఇంకెంత దూరం" అని అడుగుతూనే ఉన్నాడు.

సామాన్లు ఒక మూవింగ్ కంపెనీ ట్రక్కులో పంపాం. వారంలో చేరుస్తామన్నవాళ్లు పందొమ్మిది రోజులు తిప్పించారు. మధ్యలో ఫోన్ చేసి బరువు ఎక్కువైందని ఇంకో 900 డాలర్లు అడిగారు. కట్టకపోతే సామాను దింపేది లేదన్నారు, కట్టాం. మీరు మారేటప్పుడు మాత్రం బరువు, రేటు, చేర్చే తేదీ మూడూ కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. నోటిమాట మీద ఆధారపడొద్దు.

ఆ పందొమ్మిది రోజులు ఖాళీ ఇంట్లో గడిపాం. కారు డిక్కీలో పట్టినవే మా సంసారం: కుక్కరు, రెండు గిన్నెలు, దుప్పట్లు, ఆవకాయ జాడీ. మూడో రోజు సాయంత్రం పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టారు. డెబ్బై దాటి ఉంటాయి. వెనకాల వాళ్లాయన మడత కుర్చీలు నాలుగు, ఒక మడత బల్ల మోసుకొచ్చారు. కిటికీలోంచి పిల్లలు నేల మీద కూర్చుని అన్నం తినడం చూశారట. నేల మీద తినడం మాకు అలవాటేనని చెప్పాను. "అలవాటైతే మంచిదే, కానీ హోంవర్కు రాసుకోవడానికి బల్ల కావాలిగా" అన్నారావిడ. ఒక కుర్చీ తిరగేసి చూస్తే అడుగున నల్ల మార్కర్‌తో లీగ్ పేరు రాసుంది. "ఇవి హాలువి. మీ సామాన్లు వచ్చాక అక్కడ పెట్టేయండి. ఇంతకీ మెంబర్‌షిప్ తీసుకున్నారా?" అని అడిగారు. అదేంటో నాకు అర్థం కాలేదు. గుమ్మంలోనే నిలబడి పావుగంట చెప్పారు.

ఆవిడ చెప్పింది, తర్వాత నాకు తెలిసింది కలిపి చెబుతాను. ఎడ్మంటన్‌లో పేటపేటకీ ఒక లీగ్ ఉంటుంది, మొత్తం 160కి పైనే. మొదటిది 1917లో, ఇప్పుడు క్రెస్ట్‌వుడ్ అంటున్న పేటలో పుట్టింది. ఊరి చివర ఉన్న తమకి సదుపాయాలు కావాలని అడగడానికి అక్కడివాళ్లు ఒకటయ్యారు. 1921లో లీగులన్నీ కలిసి ఒక ఫెడరేషన్ పెట్టుకున్నాయి. చాలాచోట్ల స్థలం సిటీది, హాలుని, స్కేటింగ్ చేసే ఐస్ రింకుని నడిపేది మాత్రం ఆ పేటవాళ్లే. జీతం తీసుకునేవాళ్లు దాదాపు ఉండరు. అద్దెకున్నవాళ్లు కూడా చేరొచ్చు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇల్లు కొన్నవాళ్లకేనేమో అనుకుని ఆగిపోయిన మనవాళ్లని చాలామందిని చూశాను.

ఫీజు లీగ్‌ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఉచితం. మా దగ్గర కుటుంబమంతటికీ కలిపి పాతిక. అది సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా చెల్లుతుంది. మేం ఆగస్టు చివరి వారంలో వచ్చి కూర్చున్నాం కాబట్టి, కొత్త ఏడాదిది తీసుకోమని ఆవిడే చెప్పారు.

ఆ పాతికకి ఏం వస్తాయంటే, అన్నిటికంటే ముందు స్కేటింగ్. కార్డుతోపాటు స్కేట్ లేసుకి కట్టుకునే చిన్న ట్యాగులు ఇస్తారు. మన లీగ్ రింకే కాదు, వేరే లీగుల రింకుల మీదా ఆడుకోవచ్చు. మిల్‌వుడ్స్ రిక్రియేషన్ సెంటర్‌లో వారానికొకసారి లీగ్ మెంబర్లకి ఉచితంగా ఈత. సిటీ జిమ్ పాసుల మీద తగ్గింపు. పిల్లల్ని సాకర్‌లో కూడా లీగ్ ద్వారా చేర్పించొచ్చు. కోచ్‌లు ఎవరో ఒక బాబు నాన్నో, పాప అమ్మో అయ్యుంటారు. హాలు అద్దెలో తగ్గింపు కూడా ఉంటుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

రింకు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చలికాలమంటే ఉన్న భయం మాకు పోయింది అక్కడే. బ్రాంప్టన్‌లో నవంబర్ వస్తే తలుపులు బిగించుకుని మార్చి కోసం ఎదురుచూసేవాళ్లం. ఇక్కడ అలా కుదరదు. చలికాలం ఐదు నెలలు, బయటికి వెళ్లకపోతే మనిషికి దిగులు పట్టుకుంటుంది. డిసెంబర్ మొదట్లో ఒక రాత్రి పది గంటలకి పక్కింటి పెద్దాయన మా ఆయన్ని పిలిచారు. "పైపు పట్టుకోవడానికి మనిషి కావాలి, వస్తావా?" అని. నేనూ కోటు తొడుక్కుని వెళ్లాను, మైనస్ 18. చుట్టూ చెక్క గోడలు కట్టిన మైదానం, నాలుగు లైట్లు, ఇంకెవరూ లేరు. లావుపాటి పైపుతో నీళ్లు చల్లుతుంటే ఆవిరి మనిషెత్తు లేస్తోంది. ఒకేసారి ఎక్కువ పోయకూడదట. కింది నీళ్లు గట్టిపడకముందే పైన పెంకు కట్టేస్తే, మర్నాడు పిల్లలు కాలు పెట్టగానే పటుక్కున విరుగుతుంది. అందుకని పెనం మీద పిండి తిప్పినట్టు పలచగా ఒక పూత, అది గట్టిపడ్డాక ఇంకో పూత. మా ఆయన ఒక చివర పైపు మెలిక పడకుండా పట్టుకున్నారు. గ్లౌజుల మీద పడ్డ చుక్కలు అక్కడికక్కడే గాజు పూసల్లా అంటుకుపోయాయి. ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర. ఆ రాత్రి నుంచి ఆయన వారానికి రెండుసార్లు వెళ్తున్నారు. పైపు పట్టుకునే నలుగురూ ఇప్పుడు ఆయనకి స్నేహితులు. ఐదేళ్లలో బ్రాంప్టన్‌లో ఆయన తనతో పనిచేసేవాళ్లతో తప్ప ఎవరితోనూ పది నిమిషాలు మాట్లాడటం నేను చూడలేదు.

రింకు పక్కనే చిన్న గది ఉంటుంది. లోపల హీటరు, చెక్క బెంచీలు, స్కేట్లతో నడిచినా జారకుండా నేలంతా రబ్బరు పట్టాలు. మా పిల్లాడు మొదటి రోజు అక్కడ కూర్చుని ఏడ్చాడు, నిలబడలేకపోతున్నానని. వాడికంటే ఏడాదో రెండేళ్లో పెద్దదైన ఒక పిల్ల, మాకు ఎవరో కూడా తెలియదు, ఒక ప్లాస్టిక్ పాల డబ్బాల పెట్టె తెచ్చి వాడి ముందు బోర్లించి "ఇది తోసుకుంటూ రా" అంది. ఆ పెట్టె తోసుకుంటూ రింకు రెండుసార్లు చుట్టాడు. ఫిబ్రవరికల్లా పెట్టె వదిలేశాడు.

2024 జనవరి 13 ఎవరికైనా గుర్తుంటుంది. శనివారం. ఆ రోజుల్లో ఊళ్లో చలి మైనస్ 40 దగ్గరికి పోయింది. సాయంత్రం ఏడు కావొస్తుండగా ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. కరెంటు గ్రిడ్ ప్రమాదంలో ఉంది, అవసరం లేనివన్నీ కట్టేయండి అని ప్రభుత్వం పంపిన అలర్టు. మా ఆయన షిఫ్టులో ఉన్నారు. నేను కరెంటు పొయ్యి మీద పప్పుచారు పెట్టాను. దించాలా వద్దా, హీటర్ ఆగిపోతే పిల్లల్ని పట్టుకుని ఎక్కడికెళ్లాలి అని చేతులు ఆడలేదు. ఐదు నిమిషాల్లో లీగ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు మొదలయ్యాయి. మన ఇళ్లు వేడెక్కేది గ్యాస్ ఫర్నేస్‌తో, దాని ఫ్యాన్‌కి కావాల్సిన కరెంటు కొంచెమే, కంగారు పడకండి. చలికి ఇంజన్ బిగుసుకుపోకుండా కారుకి పెట్టిన బ్లాక్ హీటర్ వైరు మాత్రం తీసేయండి. ఫలానా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దాయన్ని చూసొచ్చేదెవరు? నేను చూసొచ్చాను అని ఒకరు. పక్కింటి ఆవిడ ఫోన్ చేసి "మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది, గిన్నె పట్టుకుని వచ్చేయ్" అన్నారు. గిన్నె, పిల్లలు, నేను అందరం వెళ్లాం. పప్పుచారు వాళ్ల పొయ్యి మీద మరిగింది, వాళ్లిద్దరూ మాతోనే తిన్నారు. ఆ రాత్రి అలర్టు రాగానే జనం లైట్లు ఆర్పేయడంతో నిమిషాల్లోనే 150 మెగావాట్ల వాడకం తగ్గిందని తర్వాత వార్తల్లో చెప్పారు. కరెంటు పోలేదు.

కాగితాల సంగతులు కూడా నాకు హాల్లోనే తెలిశాయి. బుధవారం ఉదయాల్లో అక్కడ కాఫీ పెడతారు, పెద్దవాళ్లు ఎక్కువగా వస్తారు. ఆల్బర్టా హెల్త్ కార్డు మనం వచ్చిన నెల తర్వాత మూడో నెల మొదటి తేదీ నుంచి చెల్లుతుంది. ఆగస్టులో వచ్చిన మాకు నవంబర్ 1న మొదలైంది, అప్పటిదాకా ఓహిప్ కార్డే, అంటే అంటారియో హెల్త్ కార్డే, వాడుకోవాలి, పారేయకూడదు. డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్ 90 రోజుల్లో మార్చుకోవాలి. అవి చేసేవి ప్రైవేటుగా నడిచే రిజిస్ట్రీ ఆఫీసులు. కారుకైతే ముందు మెకానిక్ దగ్గర బయటి ప్రావిన్సు బండ్ల తనిఖీ చేయించాలి. దానికి అపాయింట్‌మెంట్ దొరకడానికి రెండు వారాలు పట్టింది, అందుకే చివరిదాకా ఆగొద్దు. ఉద్యోగం వెతకడానికి, ఇమిగ్రేషన్ కాగితాలకి మాత్రం లీగ్ పనికిరాదు. కొత్తగా వచ్చినవాళ్లకి సాయం చేసే సెటిల్‌మెంట్ సంస్థలు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికే వెళ్లాలి.

ఇక మా అమ్మ సంగతి. నేను ఇది రాయాలనుకున్నదే అమ్మ వల్ల.

అమ్మది తెనాలి. నాన్న పోయాక ఒకసారి బ్రాంప్టన్ వచ్చి ఐదు నెలలుంది. బేస్‌మెంట్ కిటికీలోంచి జనం కాళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆ కాళ్లు చూస్తూ ఐదు నెలలూ గడిపి, మళ్లీ రానని చెప్పి వెళ్లిపోయింది. 2024 వేసవిలో బతిమాలితే ఎడ్మంటన్ వచ్చింది. నవంబర్‌లో హాల్లో పెరోగీలు చేసి అమ్మి డబ్బు పోగు చేస్తారు. ఈ ఊళ్లో ఉక్రెయిన్ మూలాలున్న కుటుంబాలు చాలా ఎక్కువ, పెరోగీ వాళ్ల వంట. పక్కింటావిడ అమ్మని కూడా రమ్మన్నారు. అమ్మకి ఇంగ్లీషు రాదు. వెళ్లి ఏం చేస్తానంది. నేనే లాక్కెళ్లాను.

పొడుగాటి బల్లల మీద పిండి పరిచారు. గాజు గ్లాసుతో గుండ్రంగా కోస్తున్నారు. ఉడికించిన బంగాళదుంప, చీజ్ కలిపిన ముద్ద మధ్యలో పెట్టి సగానికి మడిచి అంచు వేళ్లతో నొక్కుతున్నారు. అమ్మ ఒక నిమిషం చూసింది. "ఇవి కజ్జికాయలేగా!" అంది తెలుగులోనే, గట్టిగా. చేతులు కడుక్కుని వచ్చి ఒకటి తీసుకుంది. మడిచి, అంచుని బొటనవేలితో నొక్కి, చిన్నగా లోపలికి మెలితిప్పి, దాని పక్కన ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. తాడు పేనినట్టు అంచు మొత్తం తిరిగొచ్చింది. సంక్రాంతికి మా ఇంట్లో చేసే మడతే. ఎదురుగా ఉన్న ఇద్దరు ఆడవాళ్లు చేస్తున్న పని ఆపేశారు. ఒకావిడ, ఆ అంచు మందంగా ఉంది, ఉడకదేమో అంది. సరే చూద్దామని ఆరు వేడినీళ్లలో వేశారు. పెరోగీతో వచ్చే ఇబ్బందే అది, అంచు సరిగ్గా అతుక్కోకపోతే నీళ్లలో విచ్చుకుని లోపలి ముద్దంతా కారిపోతుంది. అమ్మవి ఒక్కటీ విచ్చుకోలేదు. అంచు కొంచెం గట్టిగానే ఉంది, అది నిజమే. తర్వాత పిండి ఇంకాస్త పలచగా ఒత్తి ఇచ్చారు. మధ్యాహ్నానికి అమ్మ ఒక చివర కూర్చుని నలుగురికి ఆ మడత నేర్పిస్తోంది. మాట అక్కర్లేకపోయింది. తప్పు మడిస్తే వేలు పట్టుకుని సరిచేసేది, బాగా వస్తే తల ఊపేది.

ఆ తర్వాత బుధవారం తొమ్మిదింటికల్లా అమ్మే చెప్పులు, కాదు, బూట్లు వేసుకుని తయారైంది. హాలు మా ఇంటికి పది నిమిషాల నడక. మైనస్ 25 అయితే నేను కారులో దింపేదాన్ని, లేకపోతే తనే నడిచి వెళ్లొచ్చేది. తెనాలిలో శనివారం రామాలయానికి వెళ్లినట్టు ఇక్కడ బుధవారం హాలుకి. వీసా గడువు ఇంకా ఉంది, ఈసారి వెళ్లిపోతాననే మాట ఎత్తడం లేదు.

పెరోగీల డబ్బుతోనే హాలు నడవదు. ఇక్కడ ఆల్బర్టాలో ఒక పద్ధతి ఉంది, మొదట విన్నప్పుడు మా మామగారు ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. స్వచ్ఛంద సంస్థలకి వంతుల వారీగా క్యాసినోలో రెండు రోజులు కేటాయిస్తారు. ఆ సంస్థ సభ్యులు జీతం లేకుండా అక్కడ పనిచేస్తే, ఆదాయంలో వాటా సంస్థకి వస్తుంది. మా లీగ్ వంతు 2025 ఫిబ్రవరిలో వచ్చింది. నేను బీకాం చదివాను, ఇక్కడ ఒక డెంటల్ క్లినిక్‌లో పద్దులు రాస్తాను. అందుకని నన్ను లెక్కింపు గదిలో వేశారు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున మూడు దాకా, కెమెరాల కింద, నోట్లు లెక్కపెట్టి కట్టలు కట్టడమే పని. ఒక్క కాగితం కూడా తేడా రాలేదు. జూదం నాకు ఇష్టం లేదు, ఆడను. కానీ ఆ వాటాతో హాలు పైకప్పు బాగుచేయించారు, రింకు గోడ చెక్కలు మార్చారు. ఆ చెక్కల మీద మా పిల్లాడి హాకీ బంతి తగిలిన మచ్చలున్నాయి. మామగారికి ఆ ఫొటోలు పంపాను.

హాలు అద్దె గురించి చెబుతానన్నాను కదా. మొన్నటి ఉగాది అక్కడే చేసుకున్నాం. మెంబరు రేటు బయటి హాళ్లతో పోలిస్తే సగమే. వంటగది పెద్దది, రెండు ఫ్రిజ్‌లు, కుర్చీలు, బల్లలు వాళ్లవే. మా పేటలో తెలుగు కుటుంబాలు నాకు తెలిసి పదిహేను దాకా ఉంటే అందరం వచ్చాం. లీగ్ వాళ్లనీ పిలిచాం, పక్కింటి ఇద్దరూ వేపపువ్వు పచ్చడి తిని మొహం చిట్లించినా రెండో చెంచా అడిగారు. వెళ్లేటప్పుడు నేల తుడిచి, చెత్త బయట పెట్టి, తాళం అప్పగిస్తే డిపాజిట్ తిరిగిచ్చేస్తారు.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్క స్టార్. మొదటిది, రింకు గది తెరిచే వేళలు. వాలంటీరు దొరికితేనే తెరుస్తారు. పిల్లల్ని తీసుకుని వెళ్లాక తాళం వేసుంటే, మైనస్ 20లో కారులో కూర్చుని స్కేట్లు కట్టాలి. మొదటి ఏడాది అలా నాలుగైదుసార్లు జరిగింది. రెండోది, మీటింగులు వారం మధ్యలో రాత్రి ఏడింటికి పెడతారు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, చిన్నపిల్లల తల్లులు ఎలా వస్తారు? శనివారం ఉదయం పెట్టమని ఏజీఎమ్‌లో, అంటే ఏడాదికోసారి సభ్యులందరితో జరిపే మీటింగులో, నేనే లేచి అడిగాను. రాసుకున్నారు, ఇంకా మారలేదు. మూడోది, తిండి. ఏ కార్యక్రమానికైనా హాట్‌డాగులే. శాకాహారులకి చిప్స్ తప్ప ఏమీ ఉండదు. పోయిన సెప్టెంబర్ లీగ్ డేకి నేనే పులిహోర చేసి తీసుకెళ్లాను, పెద్ద ట్రే అరగంటలో అయిపోయింది. నాలుగోది నాకు బాధ కలిగించేది. కమిటీలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. పైపు పట్టేవాళ్లలో ఇద్దరికి మోకాళ్లు నొప్పులు. మనలాంటి కొత్త కుటుంబాలు చేరకపోతే ఇంకో పదేళ్లకి ఆ రింకు మీద నీళ్లు పోసేవాళ్లు ఉండరు. పదిహేను తెలుగు కుటుంబాల్లో మెంబర్‌షిప్ ఉన్నవి మూడే.

ఇంకొకటి చెప్పాలి. ఆ ఏజీఎమ్ మొదలుపెట్టేముందు, మనం కూర్చున్నది ఆదివాసీలతో ప్రభుత్వం చేసుకున్న ట్రీటీ 6 ఒప్పందం కిందికి వచ్చే నేల అని, ఈ ప్రాంతం ఒకప్పుడు పాపాస్చేస్ క్రీ అనే ఆదివాసీలకి కేటాయించిన రిజర్వు అని, 1888లో అది వాళ్ల చేతుల్లోంచి పోయిందని ఒకరు లేచి చెప్పారు. నేను పాల ప్యాకెట్ కొనుక్కునే వీధి కింద ఎవరి ఊరు ఉండేదో అంతకుముందు ఎవరూ నాకు చెప్పలేదు. మా అమ్మాయి ఇంటికొచ్చి దాని గురించి స్కూల్లో రాసింది.

కొత్తగా వచ్చేవాళ్లు చేయాల్సింది తేలికే. ఇంటి అడ్రస్ ఏ లీగ్ కిందికి వస్తుందో లీగుల ఫెడరేషన్ సైట్‌లో చూసుకోండి, మెంబర్‌షిప్ కూడా అక్కడే కొనొచ్చు. హాలు దగ్గర ఏ కార్యక్రమం జరుగుతున్నా లోపలికి వెళ్లి అడగండి, ఎవరూ ఎవరు నువ్వని అడగరు. వేసవిలో చిన్నపిల్లలుంటే పార్కుల్లో సిటీ నడిపే గ్రీన్ షాక్ అనే పిల్లల ఆటల కార్యక్రమం ఉంటుంది, అది అందరికీ ఉచితం, దానికి కార్డు అక్కర్లేదు. పిల్లల స్కేట్లు మాత్రం అక్టోబర్‌లోనే కొనేయండి. పాతవైనా పర్వాలేదు, ఇరవై ముప్పై డాలర్లకి దొరుకుతాయి, షాపులో పదును పెట్టించుకుంటే చాలు. డిసెంబర్ దాకా ఆగితే చిన్న సైజులు అయిపోతాయి. హెల్మెట్ మాత్రం కొత్తదే తీసుకోండి.